నేను కత్తిరించిన వరండా

2013 జూన్ మూడో వారంలో ఫిల్మ్ నగర్‌లో వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో కథన సలహాదారుగా చేరాను. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. అంతకు ముందు ముప్ఫై అయిదేళ్లు సినిమా ఎడిటింగ్ గదుల్లో గడిపాను. మొదటి పద్నాలుగేళ్లు మద్రాసులో, పరిశ్రమ వెంట నేనూ తరలివచ్చాక మిగతావి హైదరాబాదులో. అప్రెంటిస్‌గా మొదలై అసిస్టెంటు, అసోసియేటు మెట్లెక్కి ఎడిటర్‌నయ్యాను. ఈ పనిలో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు వెళ్లడానికి పరీక్షలుండవు. పైవాడికి మన మీద నమ్మకమన్నా కుదరాలి, జ్వరమన్నా రావాలి. నా విషయంలో ముందు జ్వరమే వచ్చింది.

గేముల కంపెనీలో సినిమా ఎడిటర్‌కి ఏం పని అని అప్పట్లో చాలామంది అడిగారు. కంపెనీ అధిపతి రామ్మోహన్ గారి నాన్నగారు కోస్తా నుంచి వచ్చిన నిర్మాత. ఆయన తీసిన నాలుగు సినిమాలకు నేనే ఎడిటర్ని. కొడుకు సినిమాల్లోకి రాలేదు. ఐటీ ఊపు మీదున్న రోజుల్లో, తండ్రి ప్రొడక్షన్ ఆఫీసు ఉన్న ఇంట్లోనే పై అంతస్తులో అరవై మందితో ఈ కంపెనీ పెట్టారు. కింద కథా చర్చలు, పైన కంప్యూటర్లు. విదేశీ గేములకు కావలసిన తుపాకులు, కార్లు, కూలిన గోడలు బొమ్మలుగా చేసి పంపడం వాళ్ల అసలు పని. ఎన్నాళ్లని ఊళ్లోవాళ్ల గోడలు కడతాం, మనకంటూ సొంత గేము ఒకటి ఉండాలి కదండీ, కథ అంటే మీరే గుర్తొచ్చారు అని రామ్మోహన్ గారు నన్ను పిలిపించారు. ఆ ఏడు నా చేతిలో ఒక్క సినిమా కూడా లేదు. ఉన్నమాట రాయడానికి సిగ్గెందుకు?

నా హోదా చిత్రంగా ఉండేది. రామ్మోహన్ గారికి తప్ప ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. నా కింద ఎవరూ లేరు. కానీ నేను ఒక మాట అంటే ఎవరూ కాదనేవారు కాదు, ఎందుకంటే నా జుట్టు తెల్లగా ఉంది, రామ్మోహన్ గారు నన్ను చూస్తే లేచి నిలబడేవారు. ఈ రెండో కారణం ఎంత ప్రమాదమో నాకు తరవాత తెలిసింది.

సొంత గేము అప్పటికే సగం పైన తయారై ఉంది. దాని రూపకర్త శైలజ. ఎర్రగడ్డ అమ్మాయి, ఇరవై తొమ్మిదేళ్లు. ఇంజనీరింగ్ చదివి, పెద్ద ఐటీ కంపెనీలో మంచి ఉద్యోగం వదిలేసి వచ్చింది. ఆమె కింద నలుగురు. ఈ అయిదుగురూ రెండేళ్లుగా ఒకే ఆట మీద కూర్చున్నారు.

ఆట ఇది. వేసవి సెలవులకు మూసేస్తున్న ఒక ఆడపిల్లల ప్రభుత్వ హాస్టలు. పిల్లలంతా వెళ్లిపోయారు. మీరు వార్డెన్. తాళం వేసే ముందు ఒకసారి గదులన్నీ చూసి రావాలి. పొడుగాటి వరండా, దాని వెంట పద్నాలుగు గదులు. తొమ్మిదో గదిలో ఒక ఇనప పెట్టె మిగిలిపోయి ఉంటుంది. అది పద్మ అనే తొమ్మిదో తరగతి పిల్లది. మధ్యలో ఎప్పుడో ఇంటికెళ్లి మళ్లీ రాలేదని, చెప్పకుండా వెళ్లిందని రిజిస్టరులో ఆమె పేరు కొట్టేసింది వార్డెనే, అంటే మీరే. పిల్లలు వదిలేసిన కాగితాలు, గోడల మీది రాతలు చూసుకుంటూ పోతే పద్మ ఎందుకు వెళ్లిందో కొంచెం కొంచెంగా తెలుస్తుంది. పెట్టె తెరిస్తే అడుగున ఒక సెలవు చీటీ. అమ్మకు ఆపరేషన్, పది రోజులు సెలవు ఇప్పించగలరు అని వార్డెన్ గారికి రాసుకుని, ఇవ్వడానికి ధైర్యం చాలక పెట్టెలోనే దాచుకుంది. అంతే ఆట. తుపాకీ లేదు, పాయింట్లు లేవు, ఓడిపోవడం లేదు. నడవాలి, చూడాలి, చదవాలి.

ఇలాంటివాటికి ఆ రంగంలో ఒక వెక్కిరింత పేరుంది, నడక ఆటలని. అసలు వీటిలో ఆట ఎంత, పెట్టిన డబ్బుకు గిట్టుబాటు ఎంత అన్న తగువు అప్పుడే మొదలైంది, ఇప్పటికీ తెగలేదు. మా ఆఫీసులోనే రెండు పక్షాలుండేవి. గేముల్లో తప్పులు పట్టే పరీక్షకుల బృందానికి పెద్ద ఇమ్రాన్. అతను శైలజ ఎదురుగానే అనేవాడు, "అక్కా, నేను ఒక్క గేమ్ కొంటే ఎండాకాలం మొత్తం అదే ఆడాలె. నీ గేమ్ రెండు గంటల్ల ఖతం. గంతకు నేను బిర్యానీ తిని ఇంట్ల పండుకోనా?" శైలజ నవ్వి ఊరుకునేది. అతని మాటలో అన్యాయమేమీ లేదు. డబ్బు దాచుకుని కొనుక్కునేవాడు గంటలు లెక్కపెట్టుకుంటాడు. ఆ హక్కు అతనిది.

శైలజకు అసలు గండం వేరు. గేముల పరిశ్రమలో ఒక ఆటను ఏళ్ల తరబడి చేస్తారు కనుక మధ్యలో ఆగి, ఇది కొనసాగాలా, మూసెయ్యాలా అని తేల్చుకుంటారు. మా దగ్గర దాన్ని గేటు అనేవాళ్లు. గేటు దాటితే ఆట పూర్తిచేయడానికి ఇంకో ఎనిమిది నెలలు ఇస్తారు. దాటకపోతే ఆట అటకెక్కుతుంది, బృందం మళ్లీ పరాయి గోడలు కట్టుకోవాలి. రామ్మోహన్ గారు ఎంత ఐటీ మనిషైనా సినిమావాళ్ల బిడ్డే. ఆషాఢంలో ఏ నిర్ణయమూ తీసుకునేవారు కాదు. అందుకని గేటు శ్రావణం మొదటి శుక్రవారానికి పెట్టారు. నాకు ఏడు వారాలుంది. ఆట ఎక్కడ సాగుతోందో చూసి బిగించమన్నారు.

మొదటి రోజు శైలజ కంప్యూటర్ ముందు కూర్చుంది. నేను ఆమె వెనక కుర్చీ వేసుకుని, ఒళ్లో రాత అట్ట, మెడలో స్టాప్ వాచీతో కూర్చున్నాను. ఆమె ఆడింది, నేను చూశాను. రెండు గంటల నాలుగు నిమిషాలు. ఇది ఇక్కడే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నా తప్పంతా ఈ కుర్చీలోనే ఉంది. ఎడిటర్ అనేవాడు జీవితమంతా మరొకరు నడిపిన బొమ్మను కూర్చుని చూస్తాడు. ఆ రోజు కూడా అదే చేశాను. ఆట మొదలు నుంచి చివరి దాకా, చేత్తో పట్టుకుని బొమ్మను నడిపించే కంట్రోలర్ ముట్టుకోలేదు. ముట్టుకోవాలన్న ఆలోచనే రాలేదు.

అంతా చూశాక లెక్క చూసుకున్నాను. రెండు గంటల్లో నలభై నిమిషాలకు పైగా ఒట్టి వరండా. ఒక గది తలుపు నుంచి ఇంకో గది తలుపు దాకా నడక, ఖాళీ వరండా, చెప్పుల చప్పుడు, ఎక్కడో కారుతున్న కుళాయి. మా వృత్తిలో దీన్ని మొదటి రోజే తీసిపారేస్తారు. మద్రాసులో మా గురువుగారు నాకు నేర్పిన మొదటి పాఠమే అది. మనిషిని కుర్చీలోంచి లేపు, తిన్నగా కారులోంచి దించు, మధ్యలో నడిపించకు, నడిచేవాణ్ని చూడటానికి ఎవడూ టికెట్టు కొనడు అనేవారు. ముప్ఫై అయిదేళ్లలో నేను కోసేసిన నడకలన్నీ ఒకచోట అతికిస్తే ఇక్కణ్నుంచి మద్రాసు దాకా వస్తాయేమో.

ఆ రాత అట్ట మీదే కట్ లిస్టు తయారుచేశాను. సినిమాల్లో ఎడిటర్ ఇచ్చే పట్టిక అది. ఏ షాటు ఎక్కడ మొదలై ఎక్కడ తెగాలో వరసగా ఉంటుంది. గేముకు కట్ లిస్టు రాసిన మొదటివాణ్ని నేనే అయ్యుంటాను, ఇంకెవరికీ ఇంత తెలివి ఉండదు. నా పట్టిక ప్రకారం ఒక గది పని అయ్యాక తెర ఒక క్షణం నల్లబడుతుంది, మళ్లీ వెలుగు వచ్చేసరికి తరవాతి గదిలో ఉంటాం. పద్నాలుగు గదులు, పదమూడు కోతలు.

శైలజ పట్టిక అంతా చదివి అడిగింది. "సార్, వరండా మొత్తం తీసేస్తే వార్డెన్ ఎక్కడుంటది?" గదుల్లో ఉంటుందమ్మా, కథ గదుల్లోనే కదా ఉంది అన్నాను. ఆమె ఇంకేదో చెప్పబోయింది. అంతలో రామ్మోహన్ గారు లోపలికొచ్చి, ఎడిటర్ గారు చెప్పాక ఇంకేముందమ్మా, కానివ్వండి అన్నారు. ఆమె నోరు మూతపడింది. తాతకు దగ్గులు నేర్పుతుందా అన్నట్టు నేను కూడా కొంచెం గర్వంగానే కూర్చున్నాను. ఈ వాక్యం రాయడానికి ఇప్పుడు కష్టంగానే ఉంది.

నెల రోజుల్లో కొత్త బిల్డ్ వచ్చింది. బిల్డ్ అంటే అప్పటిదాకా చేసిన పనంతా కలిపి, నంబరు వేసి, ఆడటానికి వీలుగా కట్టిన ప్రతి. గంటా ఇరవై నిమిషాలకు దిగింది. నాకు ముచ్చటేసింది. కథ ఎక్కడా ఆగకుండా జారిపోతోంది. ఆ బిల్డ్‌ని ఇమ్రాన్ బృందానికి ఇచ్చారు. ఆరుగురు ఆడి, ఆరుగురూ నివేదికలు రాశారు. పాత బిల్డ్ మీద వాళ్ల ఫిర్యాదు ఒక్కటే, మెల్లగా ఉంది అని. కొత్తదాని మీద ఇంకా దారుణమైన మాట వచ్చింది. ఇమ్రాన్ ఆ నివేదికను నా బల్ల మీద పెట్టి, మొహం చూడకుండా అన్నాడు, "సార్, బురా అనుకోవద్దు. ఇది ఆడుతలేము, చూస్తున్నం. గట్లయితే వీడియో తీసి పెట్టుండ్రి, ఫ్రీగ చూస్తం."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. కుర్రకారుకు ఓపిక లేదు, తుపాకుల ఆటలు ఆడి ఆడి మెదళ్లు అలా అయ్యాయి అని తిట్టుకున్నాను. కానీ రామ్మోహన్ గారు బెంబేలెత్తిపోయారు. గేటుకు పన్నెండు రోజులే ఉంది. ఆయన నన్నూ శైలజనూ పిలిచి, ఆట తక్కువైందంటున్నారు కాబట్టి పోనీ తొమ్మిదో గదిలో ఒక దెయ్యాన్ని పెడదామా అని అడిగారు. దెయ్యం తరుముతుంది, వార్డెన్ పరిగెత్తుతుంది, కావలసినంత ఆట. ఆయన్ను తప్పుపట్టలేను. సినిమా తేడాగా వస్తోందనుకుంటే ఒక ఐటెం సాంగ్ పడేసే ఇంట్లో పుట్టి పెరిగారు.

శైలజ లేచి నిలబడింది. "సార్, మా అమ్మ వార్డెన్. సెలవులకు హాస్టల్ మూసేటప్పుడు నేను ఆమె వెనక తిరిగేదాన్ని. ఆ వరండల దెయ్యం ఉన్నదంటే మా అమ్మ నవ్వుతది. దెయ్యం పెట్టాల్నంటే గేమ్ బంద్ చెయ్యుండ్రి. నేను రేపట్నుంచి గోడలే చేస్త." రామ్మోహన్ గారు కూర్చోమ్మా, కూర్చో అని సర్దిచెప్పి, గేటు దాకా చూద్దామన్నారు.

బయటికొచ్చాక ఆమె నా మీద ఒక్క మాట అనలేదు. మీరు చెప్పినట్టు చేస్తే ఇట్లయింది అనే హక్కు ఆమెకుంది. అనలేదు. క్యాంటీన్‌లో నాకూ ఒక టీ చెప్పింది. ఆ టీ తాగుతుంటే నాకు చాలా అవమానంగా అనిపించింది. నిజమే, అవమానమే. రెండేళ్ల ఆమె పని నా అట్ట మీది పదమూడు గీతల వల్ల పోయేట్టుంది.

అయినా నా కోత తప్పని అప్పటికీ ఒప్పుకోలేదు. నాకొక పాత అలవాటుంది. సినిమా ఫైన్ కట్, అంటే చివరి కోత, అయ్యాక, దర్శకుడికీ నిర్మాతకూ వేసేలోగా, ప్రొడక్షన్ వ్యాన్ల డ్రైవర్లను పిలిచి ఒక ఆట వేసి చూపించేవాణ్ని. వాళ్లకు కథ తెలియదు, భయం లేదు, పొగడవలసిన అవసరం లేదు. తెర వైపు చూడకుండా నేను వాళ్ల వైపు చూసేవాణ్ని. ఎప్పుడు విసుగేసి బీడీకని అగ్గిపెట్టె తీశారో ఆ రీలు మళ్లీ కోసేవాణ్ని. మా కంపెనీ వ్యాను నడిపే యాదగిరి అలాంటి మనిషే. ఇరవై ఏళ్లు షూటింగ్ యూనిట్ బస్సు తోలాడు. యాభై దాటాయి. అతనికి రెండు బిల్డ్‌లూ ఆడిపించి, కోసిందే నయమని అతని చేత అనిపిస్తే ఇమ్రాన్ నోరు మూయించవచ్చన్నది నా పన్నాగం. శైలజ తన కంప్యూటర్లో పాత బిల్డ్ ఉంచుకుంది. సరే సార్, చూద్దాం అంది.

ఆడించాలనుకున్న రోజు మెట్రో స్తంభాల కోసం తవ్విన రోడ్లలో ఇరుక్కుని యాదగిరి మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. కంట్రోలర్ పట్టుకోవడం నేర్పడానికే పావుగంట పట్టింది. ఎడమ మీట నడవడానికి, కుడి మీట తల తిప్పడానికి. రెండూ ఒకేసారి తోసి చాలాసేపు హాస్టలు పైకప్పునే చూశాడు. "ఏంది సార్, స్టీరింగ్ రెండు ముక్కలు చేసిండ్రా?" అన్నాడు. కాసేపటికి చేయి కుదిరింది.

ముందు నా కోత ఆడించాం. గది తరవాత గది చకచకా సాగింది. తొమ్మిదో గదిలో పెట్టె కనబడగానే తెరిచాడు, చీటీ చదివాడు, ముందుకు పోయాడు. ఆట అయిపోయింది. అగ్గిపెట్టె తీయలేదు కానీ కంట్రోలర్ బల్ల మీద పెట్టి మర్యాదగా, "బాగుంది సార్. మంచి కథ. పాపం పోరి," అన్నాడు. నేను శైలజ వైపు చూశాను, చూశావా అన్నట్టు. ఆమె పాత బిల్డ్ పెట్టింది. కథ తెలిసిపోయింది కదా, ఇప్పుడేం ఆడతాడు అనుకున్నాను. యాదగిరి మాత్రం ఒక టీ తాగి మొదలుపెట్టాడు.

మొదటి రెండు గదుల దాకా విశేషమేమీ లేదు. మూడో గది దాటాక వరండాలో ఆగి, కారుతున్న కుళాయి దగ్గరికి వెళ్లి కట్టేశాడు. నేను అడిగాను, ఎందుకు, ఆ కుళాయితో కథలో పనిలేదు కదా అని. నీళ్లు పోతున్నయ్ గద సార్ అన్నాడు, నన్ను పట్టించుకోకుండా.

అయిదో గది చూసి బయటికొచ్చాడు. ఆరో గది తలుపు దాకా వచ్చాడు. అక్కడ ఆగాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు. వరండా వెంట అదే చెప్పుల చప్పుడుతో మళ్లీ అయిదో గది దాకా నడిచాడు. లోపలికి వెళ్లి, లైటు స్విచ్ ఆర్పి, బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, మళ్లీ ఆరో గదికి నడిచాడు. నిమిషానికి పైగా పట్టింది. దానికి ఆటలో బహుమానం లేదు, కథలో దాని ఊసు లేదు. స్విచ్చులు పనిచేస్తాయని అతనికి ఎవరూ చెప్పలేదు. గంట క్రితం నా కోతలో ఇదే గదిలో ఇదే లైటు వెలుగుతుండగానే వదిలేసి వచ్చిన మనిషి ఇతనే. తిరిగి వెళ్లడానికి అక్కడ దారే లేదు, నేను కోసేశాను.

అప్పటికే నా స్టాప్ వాచీ ఆపేశాను. తొమ్మిదో గది వచ్చింది. పెట్టెలో ఏముందో యాదగిరికి తెలుసు. ఇంతకు ముందే నా కోతలో చదివాడు. అయినా పెట్టె ముందు నిలబడిపోయాడు. బొటనవేలు బటన్ మీద ఉంది, నొక్కడం లేదు.

"ఏమైంది యాదగిరీ?" అన్నాను.

"ఆడపిల్ల పెట్టె సార్. అడగకుండ ఎట్ల తీస్త?" అన్నాడు. మళ్లీ తనే, "గాని పేరు కొట్టేసింది నేనే గద. చూడాలె. తియ్యకుంటే తప్పయితది," అని బటన్ నొక్కాడు. చీటీ రెండుసార్లు చదివాడు. ఆ తరవాత మిగిలిన అయిదు గదులూ చాలా మెల్లగా చూశాడు, ప్రతి మంచం కిందా వంగి.

అయ్యాక రెండింటిలో ఏ ఆట బాగుందని అడిగాను. అతను నా వైపు వింతగా చూశాడు. "మొదటిది ఆట సార్. ఇది ఆట గాదు, డ్యూటీ చేసిన," అన్నాడు. ఎడమ మణికట్టు రుద్దుకుంటూ వెళ్లిపోయాడు.

నేను ఆ కుర్చీలోంచి లేచి శైలజను కంట్రోలర్ అడిగాను. సంస్థలో చేరిన ఆరు వారాలకు అదే మొదటిసారి దాన్ని పట్టుకోవడం. రాత్రి దాకా ఆడాను. చూస్తున్నప్పుడు నలభై నిమిషాల ఖాళీగా తోచిన వరండాలో, నడుస్తున్నప్పుడు నా బుర్ర ఒక్క క్షణం ఖాళీగా లేదు. ముందు గదిలో చదివిన కాగితం, వెనక వదిలిన తలుపు, ఇంకా ఎన్ని గదులున్నాయన్న ఆలోచన. తప్పు చేసిన మనిషి ఆ తప్పు దాకా తన కాళ్లతో తను నడవాలి. సినిమాలో ఆ నడక నటుడు నడుస్తాడు కనుక కోయవచ్చు. ఇక్కడ దాన్ని కోస్తే మిగిలేది సమాచారమే. ఆడటం లేదు, చూస్తున్నామని ఇమ్రాన్ అన్నది నిజమే. ఆటను తీసింది నేనే.

శైలజకు నా తప్పని చెప్పాను. ఆమె సంతోషించిందని రాస్తే అబద్ధం. "నాకు అప్పుడే తెలుసు సార్, గాని చెప్పరాలే. మీరు ఆడితే తెలుస్తదనుకున్న. మీరు ఆడలే," అంది. మెత్తగానే అంది. ఇంటికి వెళ్లాక కూడా ఆ చివరి మాట వదలలేదు.

ఉన్న వారం రోజుల్లో వరండా మొత్తం తిరిగి పెట్టారు. అయితే నా కత్తెర పూర్తిగా పక్కన పెట్టలేదు. ఆట చివర వార్డెన్ గొంతుతో తొమ్మిది నిమిషాల మాటలుండేవి. పద్మ ఎందుకు వెళ్లింది, తను ఎలా పొరపాటు పడింది, పిల్లలను ఎలా అర్థం చేసుకోవాలి అని ఒక ఉపన్యాసం. రెండు గంటలు నడిచి తెలుసుకున్నవాడికి మళ్లీ చెప్పడం దండగ. అది మొత్తం తీసేయమన్నాను. ఈసారి ఆడి చూసి అన్నాను కనుక శైలజ వాదించింది, నేనూ వాదించాను, చివరికి ఒక వాక్యం మిగిల్చి తీసేసింది. ఆ ఆటకు నేను చేసిన అసలు పని అదొక్కటే.

రామ్మోహన్ గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన విని, అంతా బాగానే ఉంది కానీ రెండు గంటల నడకకు జనం డబ్బు పెడతారాండీ అని అడిగారు. కొందరు పెట్టరని చెప్పాను. ఇమ్రాన్ లాంటివాళ్లు పెట్టరు, వాళ్ల లెక్క వాళ్లకు సరైనదే. పెట్టేవాళ్లు ఎంతమందో నాకు తెలియదు. కానీ దెయ్యాన్ని పెడితే ఇటు వీళ్లూ రారు, అటు వాళ్లూ రారు అన్నాను. ఇంకొక్కటి అడిగాను. గేటు రోజున మామూలుగా రూపకర్త పెద్ద తెర మీద ఆడుతూ ఉంటే అధిపతులు కూర్చుని చూస్తారు, ఎక్కడైనా అదే పద్ధతి. ఈసారి మీరు చూడొద్దు, ఆడండి అన్నాను. నాకు రాదండీ అన్నారు. యాదగిరికీ రాలేదు అన్నాను.

శ్రావణ శుక్రవారం పొద్దున కింద పూజ ముగించుకుని, బొట్టుతోనే పైకొచ్చి రామ్మోహన్ గారు పెద్ద తెర ముందు కూర్చున్నారు. వెనక శైలజ, ఆమె నలుగురు, ఇమ్రాన్, నేను. గది గదికీ ఆయన ఏదో ఒకటి మాట్లాడేవారు, ఈ గోడ రంగు బాగుందనో, ఈ మంచం ఎవరు చేశారనో. నాలుగో గది తరవాత మాటలు తగ్గాయి. ఏడో గది దగ్గర ఫోను మోగితే చూసి పక్కన పెట్టేశారు. శైలజ చేతులు రెండూ ఒకదానిలో ఒకటి బిగించి పట్టుకుని, తెరను కాకుండా ఆయన వీపునే చూస్తోంది.

తొమ్మిదో గదిలో పెట్టె ముందు ఆయన కూడా ఆగారు. ఈ కథ ఆయనకు రెండేళ్లుగా కంఠతా వచ్చు. పెట్టెలో ఏముందో ఆయన సంతకం పెట్టి ఒప్పుకున్న కాగితంలోనే ఉంది. అయినా కొంతసేపు కూర్చుని, కంట్రోలర్ వెనక్కి చాచి, "నువ్వు తియ్యమ్మా," అన్నారు శైలజతో.

శైలజ చెయ్యి చాపలేదు. "మీరే తియ్యాలె సార్," అంది.

ఆయన మళ్లీ తెర వైపు తిరిగి తీశారు. మిగతా గదులు చూశారు, తాళం వేశారు. ఆ ఒక్క వాక్యం వినిపించి తెర చీకటి పడ్డాక కళ్లజోడు తీసి తుడుచుకుని, ఎనిమిది నెలలు ఇస్తున్నాను, ధర మాత్రం తక్కువ పెడదాం అన్నారు. ఇమ్రాన్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. తన నివేదిక మాత్రం వెనక్కి తీసుకోలేదు, నేనూ తీసుకోమనలేదు.

ఆట మరుసటి ఏడు విడుదలైంది. గొప్పగా అమ్ముడు పోలేదు, నష్టమూ రాలేదు. కొన్నవాళ్లలో కొందరు, రెండు గంటలు వరండాలో నడిపించి దీన్ని ఆటంటారా, డబ్బు దండగ అని రాశారు. కొందరు ఇంకోలా రాశారు. శైలజ రెండు రకాలూ చదివేది. ఆట చివర పనిచేసినవాళ్ల పేర్లు పడేచోట నన్ను ఎడిటర్ అని వేస్తానంది. వద్దన్నాను. పరీక్షకుల వరసలో, యాదగిరి పేరు కింద వేయమన్నాను. అలాగే వేసింది.

ఆ కంపెనీలో ఇంకో నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఈ సంగతి నుంచి నేర్చుకున్నది ఒక్కటే. చూసేవాడి కాలం ఎడిటర్ చేతిలో ఉంటుంది, ఆడేవాడి కాలం ఆడేవాడి చేతిలో ఉంటుంది. ఆట రెండు గంటలా, ఎండాకాలమంతా అన్నది కొనేవాడు తేల్చుకుంటాడు. ఆ రెండు గంటల్లో అతను చేయవలసిన పని మనం చేసిపెట్టకుండా చూసుకోవడమే తయారుచేసేవాడి బాధ్యత. ఆ నాలుగేళ్లలో, నా చేత్తో పట్టుకుని చివరిదాకా ఆడకుండా ఏ ఆట మీదా ఒక్క గీత కూడా గీయలేదు.